రెండో నంబరు కెప్టెన్

మా బావ విమానం నడుపుతాడు. ఆకాశంలో ఎలా నడుపుతాడో నాకు తెలియదు గానీ, ఇంట్లో మాత్రం మా అక్కనూ గ్యాస్ పొయ్యినీ ఒకే చెక్‌లిస్టు ప్రకారం నడపాలనుకుంటాడు. అక్క బయటికి బయల్దేరితే గుమ్మంలో నిలబడి "గ్యాస్?" అంటాడు. ఆవిడ "ఆఫ్" అనాలి. "తాళం?" అంటాడు. "చేతిలో" అనాలి. పెళ్లయిన కొత్తలో ఆవిడ సిగ్గుపడుతూ జవాబు చెప్పేది. ఆ తర్వాత విసుక్కుంటూ చెప్పేది. ఇప్పుడు ఆయన నోరు తెరవకముందే రెండు జవాబులూ కలిపి ఆయన మొహాన కొట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోతుంది.

నాది కళ్లజోళ్ల దుకాణం. రోజంతా నేలమీదే ఉండే మనిషినని మా బావకు నామీద కాస్త జాలి. నాకూ ఆయనంటే ఇష్టమే. ఇష్టం ఉన్నంత మాత్రాన జరిగింది దాచిపెట్టాలని ఎక్కడా లేదు కదా.

పైలట్ల లోకంలో మనిషికి పేరుకంటే నంబరు ముఖ్యం. కంపెనీలో ఎవరు ముందు చేరితే వాళ్లది జాబితాలో పై నంబరు. ఎవరు ఏ రూటు నడపాలి, ఎవరికి ఏ రోజు సెలవు అన్నది నెలనెలా ఆ వరుసలోనే కోరుకుంటారు. పైవాళ్లు ఏరుకోగా మిగిలింది కిందివాళ్లకు. పైవాడు రిటైరైతేనో, గుండె తిన్నగా కొట్టుకోవడం లేదని డాక్టరు రాసిస్తేనో తప్ప కిందివాడు ఒక మెట్టు ఎక్కలేడు. అందుకే సీనియర్ పైలట్లు ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు ఎంతో శ్రద్ధగా వాకబు చేస్తుంటారు.

మా బావది రెండో నంబరు. ఒకటో నంబరాయన ఈయనకంటే ఒక్కరోజు ముందు చేరాడు. ఆ ముందురోజే ఈయనా చేరాల్సింది, కానీ కొత్త యూనిఫాం భుజాల దగ్గర వదులుగా ఉందని టైలరు దగ్గర కూర్చుండిపోయాడు. అద్దంలో చూసుకున్న ఆ ఒక్క పూటకు ఉద్యోగమంతా శిక్ష అనుభవిస్తున్నాడు. సముద్రం ఒడ్డున హోటల్లో బస ఉండే రూటొకటి ఉంది. దాన్ని ప్రతినెలా ఒకటో నంబరాయన ఎగరేసుకుపోతాడు. ఆ హోటల్ గది కిటికీలోంచి ఏం కనిపిస్తుందో మా బావ ఎంత బాగా వర్ణిస్తాడంటే, ఆయన అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదంటే ఎవరూ నమ్మరు. ఒకటో నంబరాయనకు రిటైర్మెంటు వయసు ఇంకో ఏడాదిలో వస్తుంది. ఆ తర్వాత మా బావకు మిగిలేది కూడా ఒక్క ఏడాదే. ఆ ఏడాది ఒకటో నంబరుగా ఉండి చూడాలన్నదే ఆయన జీవితాశయం.

ఇంతలో ప్రయాణికులు తగ్గిపోయారు. విమానాలు ఇంజన్లకు ముసుగులు కట్టుకుని వరసగా నిలబడ్డాయి. కంపెనీ నుంచి తీయతీయని మాటలతో మెయిలొచ్చింది. పెద్దవాళ్లు ముందస్తు రిటైర్మెంటు తీసుకోవచ్చు. కావాలంటే ఎవరైనా జీతం లేకుండా స్వచ్ఛంద సెలవు పెట్టుకోవచ్చు. వాళ్ల నంబరు పోదు, మంచిరోజులు రాగానే వెనక్కి పిలుస్తారు. ఈ రెండింటికీ చాలినంతమంది రాకపోతే, జాబితా అడుగు నుంచి ఫర్లో. ఫర్లో అన్నది ఇంటికి పొమ్మనడానికి కంపెనీ పెట్టుకున్న ముద్దుపేరు. అలా పోయినవాళ్లను మళ్లీ పిలుస్తామన్న హామీ ఏమీ లేదు. ఏదో ఒకటి ఆ శుక్రవారం సాయంత్రంలోగా తేల్చుకోమన్నారు.

మా బావ కూతురు, అంటే నా మేనకోడలు, అదే కంపెనీలో కో-పైలట్. జాబితాలో ఆమె స్థానం అట్టడుగున. కోత గీత సరిగ్గా ఆమె నంబరు మీదుగా పోతోంది. పైనుంచి ఇంకొక్కరు దిగిపోతే ఆమె ఉద్యోగం నిలబడుతుంది. ఆ ఒక్కరు తండ్రే కావాలని ఏమీ లేదు. కానీ తండ్రి కూడా కావచ్చు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ వారం సీనియర్ కెప్టెన్లంతా మా బావ ఇంటి హాల్లో సమావేశమయ్యారు. టీ కప్పులు అందించే పని నాకు పడింది. అంత ప్రేమగా మాట్లాడుకునే మనుషుల్ని నేను పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు. మీ మోకాళ్లకు విశ్రాంతి కావాలని ఒకాయన ఇంకొకాయనతో అన్నాడు. మనవరాలి ముద్దుమాటలు వినే వయసులో ఈ ఎండాకాలపు కుదుపులెందుకని ఆయన తిరిగి ఈయన్ను అడిగాడు. కుర్రకారును కాపాడుకోవాలని అందరూ ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. ఎవరు కాపాడాలన్న దగ్గర అందరూ ఒకటో నంబరాయన వైపు చూశారు. ఆయన బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి కప్పులో పడిపోయేదాకా దానివంకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి కుర్రకారు పట్ల సానుభూతి తెలుపుతూ తీర్మానం చేసి, కార్లెక్కి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. కప్పులు కడుగుతూ నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. వినాల్సినవాళ్లు అప్పటికే వీధి మలుపు తిరిగారు.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. విమానం దిగేటప్పుడు ఒక ఎత్తు ఉంటుంది. అక్కడికి రాగానే పక్క సీటులోని పైలట్ "మినిమమ్స్" అని పిలవాలి. రన్‌వే కనబడితే కెప్టెన్ "ల్యాండింగ్" అంటాడు. కనబడకపోతే "గో అరౌండ్" అని విమానాన్ని మళ్లీ పైకి లేపుతాడు. మూడో జవాబు లేదు. కెప్టెన్ పలక్కపోతే రెండోసారి పిలవాలి. అప్పుడూ సరైన జవాబు రాకపోతే ఆయనకు ఏదో అయిందని లెక్క. పక్క పైలట్ "ఐ హావ్ కంట్రోల్" అని విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. మేనకోడలు ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బావ డైనింగ్ టేబుల్ దగ్గర రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఆమె చేత ఈ పాఠం వల్లె వేయించాడు. పక్కన ఉన్నది కన్నతండ్రే అయినా సరే, మొహమాటపడొద్దని నొక్కి చెప్పాడు. ఆ పిల్ల అంత బాగా నేర్చుకుంటుందని అప్పుడు ఆయన అనుకుని ఉండడు.

శుక్రవారం మధ్యాహ్నం అదే టేబుల్ దగ్గర అందరం భోజనానికి కూర్చున్నాం. మేనకోడలు ఫోను పళ్లెం పక్కన పెట్టుకుంది. తండ్రి దిగితే తను ఉంటుంది. దిగకపోతే సాయంత్రంలోపు తను స్వచ్ఛంద సెలవు పెట్టాలి. అదీ పెట్టకుండా ఆయన కోసం చూస్తూ కూర్చుంటే, రేపటికి ఉద్యోగమూ ఉండదు, నంబరూ ఉండదు.

"నాన్నా, మినిమమ్స్," అంది.

మా బావ కూర కలుపుతున్నాడు. కలుపుతూనే ఉన్నాడు. మా అక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"నాన్నా. మినిమమ్స్."

"ఒకటో నంబరు ఇంకా ఏ సంగతీ తేల్చలేదమ్మా," అన్నాడు. "ఆయన ఫోన్ చేస్తాడేమో, చూద్దాం."

అది ల్యాండింగూ కాదు, గో అరౌండూ కాదు. మేనకోడలు ఒక్క క్షణం ఆయన వంక చూసింది. "ఐ హావ్ కంట్రోల్," అంది.

"యూ హావ్ కంట్రోల్," అన్నాడు మా బావ.

కావాలని అనలేదు. ముప్ఫై ఏళ్ల అలవాటు నోట్లోంచి దూకేసింది. ఎదుటివాళ్లు ఆ మాట అంటే వెంటనే ఈ మాట అనాలి, చేతులు వదిలెయ్యాలి. ఆయన నిజంగానే పళ్లెం మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ లోపల మేనకోడలు ఫోనులో తన సెలవు దరఖాస్తు పంపించేసింది. పంపించి, అన్నం కలుపుకుంది.

"కెప్టెన్‌గారికి పెరుగు ఎవరైనా వడ్డించండి," అంది మా అక్క. ఆవిడ మాత్రం నిలబడ్డ చోటునుంచి కదల్లేదు.

సాయంత్రం గడువు ముగిసే వేళకు మా బావ ఫోను మోగింది. ఒకటో నంబరాయన రిటైర్మెంటు తీసుకున్నాడట. నిజానికి ఆయన తీసుకోలేదు. ఆయన నిద్రపోతుంటే ఫోను తీసుకుని ఆయన భార్యే పంపేసిందని తర్వాత తెలిసింది. మేనకోడలు పంపిన సెలవు దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకునే వీల్లేదట. ఏదైతేనేం, మా బావ ఒకటో నంబరయ్యాడు. అభినందనల ఫోన్లు వరసగా వచ్చాయి. ఆయన హాల్లో అటూ ఇటూ నడుస్తూ, "అబ్బే, అంతా కాలమహిమ," అని అందరికీ వినయంగా చెప్పాడు. వంటింట్లో మా అక్క గిన్నెలు మామూలుకంటే గట్టిగా పెట్టింది.

మరుసటి నెల జాబితాలో అందరికంటే ముందు కోరుకునే హక్కు ఆయనకు వచ్చింది. ముందురోజే కటింగ్ చేయించుకుని, కొత్త చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సముద్రం ఒడ్డు రూటు ఎత్తేశారు. మిగిలినవన్నీ పొద్దున పోయి సాయంత్రానికే తిరిగొచ్చే చిన్న చిన్న రూట్లు. వాటిలో అన్నింటికంటే మంచిదాన్ని ఎంచుకున్నాడు. మిగతావాటికీ దానికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కో-పైలట్లు తగ్గిపోవడంతో పక్క సీటులో ఇంకో కెప్టెన్‌ను కూర్చోబెట్టారు. మోకాళ్ల నొప్పులాయన్నే. ఆ సీటులోకి దించారని ఆయనకు అలక. దారి పొడవునా నియమం ప్రకారం అనాల్సిన మాటలు తప్ప ఇంకో మాట మాట్లాడడట.

మేనకోడలు నా దుకాణానికి వస్తోంది. ఊరికే ఇంట్లో కూర్చోలేనంది. నెల తిరక్కుండానే కళ్లు పరీక్షించడం, అద్దాలు అమర్చడం పట్టేసింది. ఆకాశంలో విమానం పోతే మాత్రం చేతిలో పని ఆపి, చప్పుడు పోయేదాకా గుమ్మం వైపు తల తిప్పదు.

మొన్న మా బావ దుకాణానికొచ్చాడు. మెడికల్ పరీక్ష దగ్గర పడింది, దూరం చూపు మసకగా ఉందన్నాడు. నేను లేవబోతే మేనకోడలు నన్ను కూర్చోమంది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడమీది అక్షరాల చార్టుకు దీపం వేసింది.

"పై అక్షరం?"

ఆయన చదివాడు. అది పలకంత ఉంటుంది, ఎవరైనా చదువుతారు.

"అట్టడుగు వరుస?"

ఆయన ముందుకు వంగాడు. నాకు ఆ శుక్రవారపు డైనింగ్ టేబుల్ గుర్తొచ్చింది. మళ్లీ ఏదో ఒక కబురు చెప్తాడని, రెండోసారి పిలవాల్సి వస్తుందని అనుకున్నాను. మా బావ మొదటి పిలుపుకే పలికాడు.

"కనబడలేదమ్మా," అన్నాడు. "ఆ రోజూ కనబడలేదు. నాదే తప్పు."

మేనకోడలు డబ్బాలోంచి ఒక అద్దం తీసి, తన చున్నీ కొసతో తుడిచి, ఆయన కంటి ముందు అమర్చింది.

"ఇప్పుడు చూడు నాన్నా," అంది.