నెత్తి మీది మూట ముందు దించిన నర్సయ్య బావ

మా స్వరూప గోదాం తెరిచింది! ఇవాళ పొద్దున్నే, నా కళ్ళ ముందే తెరిచింది నా బిడ్డ!

మనిషి పోయిన మర్నాడు ఈ ముసలాయనకు ఇంత సంతోషమేంటి అనుకునేవాళ్ళు అనుకోండి. నేను చదివింది ఏడో తరగతి. మనసులో ఉన్నది దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

నిన్న పొద్దున టీ తాగుతుంటే చర్ల నుంచి అనసూయక్క ఫోన్.

"తమ్మీ, మీ బావ లేస్తలేడు. ఎంత పిల్సినా పలుకుతలేడు."

నర్సయ్య బావ నా భార్యకు సొంత అన్న. ఎనభై దాటిన మనిషి. అయినా ఆయన పోతాడని నాకెప్పుడూ తోచలేదు. టేకులపల్లి నుంచి చర్ల దాకా బస్సులో ఎట్లా కూర్చున్నానో, పక్కన ఎవరున్నారో గుర్తు లేదు.

బావది అడ్డాకు విస్తర్ల వ్యాపారం. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు ఆకు కోసి, పుల్లలతో విస్తర్లు కుట్టి, మూటలు కట్టి నెత్తిన పెట్టుకుని వస్తారు. బావ కొని ఖమ్మం దాకా పంపేవాడు.

ఆ ఆకుల మీదే చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు. మా కుల సంఘం బిల్డింగ్ కట్టించాడు.

మా వాళ్ళు ఎంత గొప్పవాళ్ళంటే, ఆ బిల్డింగ్‌లో ఫ్యాన్ కింద కూర్చుని మరీ ఆయన్ని "ఆకులోడు" అని నవ్వేవాళ్ళు.

బావకు ఒకటే రూలు. మూట నెత్తి మీద ఉండగా బేరం లేదు, మాట లేదు. ముందు దించాలి. తన చేతులతో దించాలి.

మా స్వరూప పెళ్ళి గుర్తొస్తోంది. మేనమామ కాబట్టి పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొస్తున్నాడు బావ. సరిగ్గా అప్పుడే విందుకు కావలసిన విస్తర్లతో ఇద్దరు ఆడవాళ్ళు గేటు దగ్గరికి వచ్చారు.

బావ ఏం చేశాడో తెలుసా? పెళ్ళికూతురు గంప నేల మీద పెట్టి, పోయి వాళ్ళ మూటలు దించాడు!

పంతులు గారు ముహూర్తం, ముహూర్తం అని అరుస్తున్నారు.

"పిల్ల గంపల సల్లగ కూసున్నది పంతులూ. గాళ్ళ మెడలు గుంజుతున్నయి. జర ఆగు."

మా బంధువులకు ఆ రోజు నామోషీ అయింది. గంపలో నా బిడ్డ మాత్రం బాసికం ఊడేటట్టు నవ్వింది.

పెళ్ళయ్యాక స్వరూప చర్లలోనే ఉంటూ మామయ్య గోదాం పని అంతా చూసుకుంది.

బావకు పిల్లలు లేరు. ఆయన అన్న కొడుకు ప్రకాశ్, ఖమ్మంలో రియల్ ఎస్టేట్. నిన్న తలకొరివి వాడే పెట్టాడు. తడిబట్టలు ఆరకముందే ఫోన్ అందుకున్నాడు.

"రోడ్డు బిట్టే అన్నా. గోదాం కూలగొడితే ఫేసింగ్ మస్తుంటది."

వీధి మూలన ఫ్లెక్సీ కూడా కట్టించాడు. "కుటుంబ దీపం, సంఘ సేవకులు" అని రాయించాడు. అందులో బావ ఫొటో కంటే వీడు దండం పెడుతున్న ఫొటో పెద్దది. పోయింది వీడే అనుకుని ఒకాయన నన్ను ఓదార్చి పోయాడు!

ఇంకా వినండి. దహనం అయ్యాక అందరికీ భోజనం దేంట్లో పెట్టించాడు? థర్మాకోల్ ప్లేట్లలో!

గోదాం నిండా విస్తర్లు. ఆ విస్తర్ల మనిషి చావుకు థర్మాకోల్.

"ఏందిరా ఇది?" అన్నాను.

"ఆకులు ఓల్డ్ ఫ్యాషన్ మామా. మనోళ్ళంత వచ్చిండ్రు, జర స్టేటస్ ఉండాలె కద."

మా సంఘం పెద్దలు ఆ స్టేటస్‌ను చప్పరించుకుంటూ తిన్నారు. నేను ప్లేటు పక్కన పెట్టి లేచాను.

ఇవాళ పొద్దున కబురు తెలియని ఆడవాళ్ళు మూటలతో వచ్చారు. అంత దూరం నడిచి వచ్చారు. షట్టర్ మూసి ఉంది. ప్రకాశ్ గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"ఇంట్ల మైల ఉన్నది. వాపస్ పోండ్రి. ఇగ ఈ గోదాం తెరిచేది లేదు."

వాళ్ళు కదల్లేదు. మూటలు నెత్తి మీదే ఉన్నాయి. వాటి మీదే వాళ్ళ ఇళ్ళు నడుస్తాయి, ఇంకెవరు కొంటారు?

అప్పుడు వచ్చింది నా బిడ్డ. ప్రకాశ్‌ను పక్కకు జరగమని కూడా అనలేదు. వాడి పక్కనుంచి పోయి, ముందున్న ముసలామె మూట పట్టుకుంది.

"ముందు దించు అవ్వా. మాట తర్వాత."

అచ్చం బావ గొంతే! దించాక చెప్పింది, మామయ్య నిన్న పోయాడని.

అవ్వ మూట మీదే కూలబడింది. కళ్ళు తుడుచుకుని అడిగింది.

"నిన్న సేటు పేరు మీద అన్నం దేంట్ల పెట్టిండ్రు బిడ్డా?"

సంఘం పెద్దలు చెప్పుల వైపు చూసుకున్నారు. ప్రకాశ్ మోగని ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

అవ్వ మూట విప్పి ఒక కట్ట తీసి స్వరూప చేతిలో పెట్టింది.

"రేపు మూడొద్దులకు పిట్టకు పెట్టేటప్పుడు వీటిల పెట్టుండ్రి. ఇవి నా లెక్కల."

లోపల్నుంచి అనసూయక్క వచ్చింది. బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి అందరి ముందూ స్వరూపకు ఇచ్చింది.

"గోదాం నాది. నడిపేది నా మేనకోడలు. బిట్టు గిట్టు అన్నోళ్ళు బస్టాండుకు నడువుండ్రి."

షట్టర్ లేచిన చప్పుడు వింటూ నేను ఏడ్చాను. దుఃఖమా, సంతోషమా అని నన్ను అడక్కండి. రెండూ.

బావా, నీ మూట కూడా దిగింది. ఇక హాయిగా పడుకో. నీ ఆత్మకు శాంతి కలగాలి.

ఇది చూసినవాళ్ళు దయచేసి వీళ్ళకు చెప్పండి. రేపు భోజనం అడ్డాకు విస్తర్లలోనే.

ముదిగొండలో ఉన్న నా పెద్ద చెల్లెకు. ఆమెకు వాట్సాప్ లేదు, పక్కింటి వాళ్ళకు ఫోన్ చేయాలి.

సత్తుపల్లి చిన్న చెల్లెకు, వాళ్ళాయనకు.

కొత్తగూడెంలో బొగ్గు బాయి డ్యూటీలో ఉన్న మా పెద్దోడికి. లీవు దొరకకపోతే అలిగైనా రమ్మనండి.

సంఘం పెద్దలందరికీ. కింద కూర్చోవాలి, మోకాళ్ళు నొప్పులంటే కుదరదు.

ప్రకాశ్‌కు చెప్పక్కర్లేదు, కళ్ళారా చూశాడు. వాడి క్యాటరింగ్ వాళ్ళకు మాత్రం చెప్పండి, రావద్దని.