ఇంకాస్త తెలుపు

బరంపురంలో లెక్కల మాస్టారుగా పని చేసి రిటైరయ్యాక, ఇంట్లోనే కంప్యూటర్లో, లేటెక్ అనే ప్రోగ్రాంలో లెక్కల పుస్తకాలు టైపు చేసుకుంటున్నాను. పుస్తకంలో సూత్రాల వెనక వేసే రంగు మాత్రం మా ఆవిడే తేల్చేది. హుమ్మ ఊళ్లో తెల్లటి ఉప్పుమళ్ల దగ్గర పెరిగిన మనిషి, ఏ రంగూ ఆవిడకి ఓ పట్టాన నచ్చేది కాదు. నేను ఎరుపూ పసుపూ కలిపితే వెనక కుర్చీలోంచి అరిచేది.

"ఏటండీ ఆ రంగు! కళ్లు పొడిసేస్తంది. ఇంకాస్త తెలుపు ఎయ్యండి."

నాకు ఒళ్లు మండేది. అయినా వేసేవాణ్ని. మళ్లీ "ఇంకాస్త" అనేది. ఒకసారి అలా కుదిరిన రంగు చూసి, "ఇదే మన ముందుగదికి ఏయించండి" అంది. అలాగేలే అన్నాను. వేయించకముందే ఆవిడ పోయింది. రెండేళ్లయింది.

మొన్న రంగుల కొట్టుకి వెళ్లాను. మిషన్లో అంకెలు కొడితే రంగు కలిసి వస్తుందట.

"ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత? నంబర్లు సెప్పండి మాస్టారూ" అన్నాడు కొట్టాయన.

ఇంటికొచ్చి ఆవిడకి నచ్చిన రంగున్న పుస్తకం ఫైలు తెరిచాను. ఎరుపు, అరవై, పసుపు, ముప్పై, తెలుపు అని వరసగా ఉంది. ఎరుపు అరవై పాళ్లు, పసుపు ముప్పై, మిగిలిన పదీ తెలుపు అనుకుని కాగితం మీద లెక్క కట్టేశాను. ఆ నంబర్లిచ్చి రంగు వేయిస్తే గోడ నిండా నారింజ రంగు భగ్గుమంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అంత మండే రంగు పూస్తుంటే ఇంట్లో వద్దనే మనిషి లేదు.

మర్నాడు రంగు విలువలు చెప్పే ఆదేశం రాసి లేటెక్‌నే అడిగాను. లెక్క తేలేసరికి ఎరుపు 255, ఆకుపచ్చ 209, నీలం 179. అప్పుడు అర్థమైంది. ఆ ముప్పై పసుపుది కాదు. ముందు ఎరుపు అరవై, పసుపు నలభై కలుస్తాయి. ఆ కలిసినదాంట్లో ముప్పై పాళ్లే తీసుకుని, డెబ్బై పాళ్లు తెలుపు పోస్తుంది. డెబ్బై! అదంతా ఆవిడ అడిగి అడిగి వేయించిందే.

మళ్లీ రంగు వేయించాను. ఆర్యపల్లి నుంచి వచ్చే రంగులాయన బ్రష్షు కడుక్కుంటూ అడిగాడు.

"ఇప్పుడు సరిపోయిందా మాస్టారూ?"

అచ్చంగా ఆవిడ కోరిన రంగే. ఒక్క అంకె తేడా లేదని నాకు తెలుసు.

"ఇంకాస్త తెలుపు ఎయ్యాలేమో" అన్నాను.

ఆ మాట ఈ ఇంట్లో వినబడి రెండేళ్లయింది.