రెండు ఊళ్ల సంతకాలు

ఆనందమ్మ టీచరు పిరికిది. ఆమె వెనకాల జనం గుసగుసగా అనుకున్న మాట కాదిది, ఆమే నలుగురిలో చెప్పుకునేది. ప్రొద్దుటూరు బజారులో టైరు పేలితే పక్కనున్న చీరల కొట్టులోకి దూరి, అక్కర్లేని జాకెట్టు గుడ్డ ఒకటి కొనుక్కుని గానీ బయటికి వచ్చేది కాదు. ఆ రోజుల్లో మా వైపు పేలింది టైరా, ఇంకోటా అని తెలుసుకోవడానికి ఎవరూ నిలబడేవారు కారు. కాబట్టి ఆమెను చూసి నవ్వే అర్హత కూడా ఎవరికీ లేదు.

అలాంటి మనిషి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బల్ల వేసుకుని, ఊరుగాని ఊరొచ్చి చదువుకుంటున్న పిల్లలకు వినియోగదారుల హక్కులు చెప్పేదంటే నమ్మబుద్ధి కాదు. కడపలో ఎవరో ఈ విషయం మీద శిక్షణ పెడితే, తాను పోవడానికి బద్ధకించిన హెడ్మాస్టరు ఈమెను తోశాడు. పోయింది, విన్నది, ఇక వదల్లేదు. రూము ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగివ్వని ఇంటివాళ్లు, కొన్న వారానికే ఆగిపోయిన ఫ్యాను వెనక్కి తీసుకోని కొట్టువాళ్లు, గ్యారంటీ పాసని బోర్డు పెట్టి పాఠాలు ఎగ్గొట్టే ట్యుటోరియల్ వాళ్లు, అందరికీ ఆమె దగ్గర ఒకటే మందు.

"అరవద్దు, కొట్లాడొద్దు. బిల్లు పారేసుకోవద్దు. రిజిస్టరు పోస్టులో నోటీసు పంపు. పలక్కపోతే కడప వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేద్దాం. లాయరు గూడా అక్కర్లేదు."

ఎన్నికలు దగ్గర పడుతున్న వేసవిలో కామాక్షి వచ్చింది. సింహాద్రిపురం అవతల ఒక పల్లెలో పూజారి కోదండపాణి కూతురు. ప్రొద్దుటూరులో ఓబులేసు అనే ఆయన నడిపే ఆడపిల్లల హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటేడు చదువుతూ, అక్కడి నీళ్లకు కామెర్లు వచ్చి మధ్యలోనే ఖాళీ చేసింది. చేరేటప్పుడే పిల్లల ఒరిజినల్ మార్కుల లిస్టులూ టీసీలూ తీసుకుని బీరువాలో పెట్టడం ఓబులేసు పద్ధతి. పెట్టుకున్నవి ఇవ్వమంటే, మిగతా ఏడాది ఫీజు కూడా కట్టమంటున్నాడు.

"టీచరు ట్రైనింగులో సీటు వచ్చినాది టీచరమ్మా. వచ్చే వారం కడపలో ఒరిజినల్స్ చూపియ్యాల. లేకుంటే సీటు ఇంకొకరికి పోతాది. నా రూములో ఉండిన ఖమ్రున్నీసావి గూడా పెట్టుకున్నాడు. దానికీ కామెర్లే. వాళ్ల అన్న భయపడి నోరు మూసుకోమన్నాడంట."

ఆనందమ్మ అప్పటికప్పుడు నోటీసు రాసింది. ఫీజుకూ సర్టిఫికెట్లకూ సంబంధం లేదనీ, పిల్ల కాగితాలు తాకట్టు వస్తువులు కావనీ గట్టిగానే రాసింది. కాగితం మీద ఆమెకు భయం ఉండేది కాదు. ఇంటికి పోయాక ఈ సంగతి అమ్మానాన్నలతో తప్ప ఎవరితోనూ అనవద్దని కామాక్షికి చెప్పడం మాత్రం మరిచింది. ఆ ఒక్క మరుపు కొంప ముంచింది.

ఆ పల్లెల్లో ఒక మర్యాద ఉంది. ఎద్దులు కొన్నా, పిల్లకు సంబంధం చూసినా, టౌనులో ఎవరి మీదైనా కాగితం పెట్టినా, ముందుగా ఊరి పెద్దాయన ఇంటికి పోయి చెప్పిరావాలి. అది అనుమతి అడగడం కాదు. చెప్పనివాడు అవతలి వర్గంలో చేరాడని లెక్క. కోదండపాణికి ఏ వర్గమూ లేదు. అయినా అలవాటు ప్రకారం పోయి, ప్రసాదం చేతిలో పెట్టి, ఇదీ సంగతి అని చెప్పి వచ్చాడు.

"మన ఊరి పిల్ల కాగితాలు వాడు పెట్టుకునేదేంది?" అన్నాడట పెద్దాయన.

మర్నాడే ఆయన మనుషులు రెండు జీపుల్లో ప్రొద్దుటూరు వచ్చి హాస్టలు కిటికీ అద్దాలు పగలగొట్టి, వంటమనిషిని చెంపదెబ్బ కొట్టి పోయారు. ఓబులేసు అవతలి పార్టీ నాయకుడికి దగ్గర చుట్టం. సాయంత్రానికల్లా కామెర్ల మాట, మార్కుల లిస్టు మాట అందరూ మరిచిపోయారు. ఫలానా ఊరు ఫలానా ఊరి మీదికి వచ్చిందన్నదే మిగిలింది.

తర్వాతి రోజు ఇంటర్వెల్ గంట కొట్టే వేళకు ఓబులేసు వైపు మనుషులు ఇద్దరు బడికి వచ్చారు. వాళ్లలో వయసు మీరినవాడి తెల్ల చొక్కా ఇస్త్రీ నలగలేదు. చెప్పులు గడప బయటే విడిచాడు. ఆ మర్యాదకే ఆనందమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"బాగుండారా టీచరమ్మా? మీరు ఏ పార్టీ?"

"నాకు పార్టీ ఏందప్పా? ఎక్కాలు చెప్పుకునేదాన్ని."

"మరి అవతలోళ్లకు కాగితాలు రాసిస్తాండారే? పోనీలెండి. పిల్లను తోడుకొని పూజారిని మా నాయకుని ఇంటికి రమ్మనండి. కాగితాలు మర్యాదగా ఇచ్చి పంపిస్తాం. మేమేమన్నా చేస్తామా?"

చేయరు. చేయనక్కర్లేదు కూడా. కోదండపాణి ఆ ఇంటి గడప తొక్కితే చాలు, పూజారి అటు మారాడని సొంత ఊరే అనుకుంటుంది. అలా అనుకున్న తర్వాత ఆ ఊరి దారిలో ఏమి జరుగుతుందో మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. పోకపోతే పిల్ల సీటు పోతుంది. వాళ్లు వెళ్లిపోయాక ఆనందమ్మ నల్లబోర్డు వైపు తిరిగి నిలబడింది. జమ్మలమడుగులో ఉన్న చెల్లెలింటికి పారిపోదామనుకుంది. నిజంగానే అనుకుంది. సంచిలో రెండు చీరలు కూడా పెట్టుకుంది.

మళ్లీ ఆ చీరలు తీసి మంచం మీద వేసి, ఫోరంకు ఫిర్యాదు రాసుకుని నేరుగా ఖమ్రున్నీసా దగ్గరికి పోయింది. ఆ పిల్ల ప్రొద్దుటూరులోనే చిన్నమ్మ ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటోంది. ఆ పిల్ల సొంత ఊరూ, ఓబులేసు ఊరూ, వాళ్ల నాయకుడి ఊరూ ఒకటే.

"ఒక ఊరి పిల్ల సంతకం ఉంటే ఇది పార్టీ కాగితం అంటాండారు. రెండు ఊళ్లవీ ఉంటే అప్పుడిది హాస్టలు కాగితం. నువ్వు చేస్తావామ్మా?"

"మా అన్న హుమాయున్‌ను అడిగితే వద్దంటాడు టీచరమ్మా."

"అడుగు. నేను బలవంతం చేయను."

"అడగను" అని ఖమ్రున్నీసా కలం తీసుకుంది. తాను అడుగుతున్నది ఎంత పెద్ద సంగతో ఆనందమ్మకు తెలుసు. తెలిసీ కాగితం ముందుకు జరిపింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో జనం ఉండగా, ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని హాస్టలుకు పోయింది. దారి పొడుగునా పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుంది గానీ, ఓబులేసును చూడగానే అంతా మరిచిపోయింది. "ఇది... రేపు ఫోరంలో వేస్తాం" అని మాత్రం అనగలిగింది.

కామాక్షి పేరు చూసి ఓబులేసు నవ్వాడు. రెండో పేరు చూసి నవ్వు ఆపాడు.

"నువ్వు మన ఊరి పిల్లవి గదమ్మా!"

"ఊరు చూసి రాలేదు మామా, కామెర్లు."

ఓబులేసు ఆలోచనలో పడ్డాడు. అవతలి ఊరి పిల్ల ఫిర్యాదైతే నాయకుడు అండగా ఉంటాడు. సొంత ఊరి పిల్లకే మురికినీళ్లు పోశాడని కడపలో విచారణ జరిగితే, ఎన్నికల ముందు ఆ నాయకుడే మొదట మొహం చాటేస్తాడు. మారు మాట్లాడకుండా బీరువా తెరిచి ఇద్దరి కాగితాలూ ఇచ్చాడు. ఫిర్యాదు చింపేయమన్నాడు. ఆనందమ్మ అక్కడే చింపింది. కామాక్షికి సీటు దక్కింది. కోదండపాణి ఎవరి గడపా తొక్కలేదు.

ఆదివారం చర్చి వరండాలోకి ఒకతను వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను హుమాయున్‌ని. మా చెల్లెలితో సంతకం పెట్టిచ్చింది ఎవరు?"

పరుగెత్తాలనిపించింది. అయినా "నేనే నాయనా" అంది.

అతను అరవలేదు. అరిచినా బాగుండేది. "మన పిల్లే అవతలోళ్లతో కలిసిందని ఓబులేసు ఊరంతా చెప్పినాడు. మాతో ఎవరూ మాట్లాడ్డం ల్యా. నిన్న మా గడ్డివామికి నిప్పు పెట్టినారు" అని చొక్కా లోపలి నుంచి ఒక కవరు తీశాడు. "దాని ఒరిజినల్స్. మాకాడ ఉంటే ఇవీ కాలిపోతాయి. మీ దగ్గర పెట్టుకోండి."

"పిల్ల యాడుందప్పా?"

"మీకు తెలీకుంటేనే మంచిది టీచరమ్మా."

ఎన్నికలు అయిపోయాయి. ఎవరు గెలిచారో ఇప్పుడెందుకు? హుమాయున్ ఇంటికి తాళం పడింది. ఎటు పోయారో ఆ ఊళ్లో ఎవరూ చెప్పలేదు. కామాక్షి ట్రైనింగు పూర్తిచేసి బడిలో చేరింది, పెళ్లి కూడా అయింది. ఓబులేసు దగ్గర పోట్లాడి విడిపించిన ఖమ్రున్నీసా కాగితాలు మాత్రం ఆనందమ్మ బీరువాలో ఉండిపోయాయి. తాళం తీసినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది. బాంబులకు భయపడిన మనిషి, ఆ పిల్ల వచ్చేలోగా తాను పోతానేమోనని భయపడడం మొదలుపెట్టింది. బల్ల మాత్రం మానలేదు. ఏ పల్లె నుంచి ఏ పిల్ల వచ్చినా కష్టమంతా వింటుంది, నోటీసు రాసిస్తుంది. లేచి పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, ఖమ్రున్నీసా అనే అమ్మాయి యాడైనా కనపడిందా అని అడుగుతుంది.