రోజూ చచ్చిపోయే సేఫ్టీ ఆఫీసరు

ఆ ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరుగారు రోజుకు రెండు మూడు సార్లు చచ్చిపోయేవారు. ఆదివారం మాత్రం సెలవు.

అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. నేలమీద నూనె ఒలికి ఉంటే "తుడవండి" అని ఆయన నోటితో చెప్పేవారు కాదు. తిన్నగా వెళ్ళి ఆ నూనె పక్కన దభాలున పడి, కళ్ళు తేలేసి, నాలుక బయటపెట్టేవారు. ఎవరో ఒకరు గుడ్డ తెచ్చి తుడిచేదాకా లేచేవారు కాదు. నిచ్చెన సరిగ్గా ఆనించకపోతే పైనుంచి పడిన చావు. వైరు ఊడి వేలాడుతుంటే కరెంటు చావు. కరెంటు చావులో ఎడమకాలు కాసేపు గిలగిలా కొట్టుకోవడం ఆయన ప్రత్యేకత. భారీ మనిషి, రిటైర్మెంటు దగ్గరపడిన వయసు. పొద్దున ఇస్త్రీ చేసుకొచ్చిన చొక్కా మధ్యాహ్నానికి నేల తుడిచే గుడ్డలా తయారయ్యేది.

అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోమని కంపెనీవాళ్ళు ఒకామెను అప్రెంటిస్‌గా వేశారు. అంతకుముందు ఆమె అక్కడే జిగురు సెక్షన్లో ఏళ్ళ తరబడి పెట్టెలు అంటించింది. ఆ వాసనకు సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోయేది. ఇంటికెళ్ళాక కూతురు బడి కబుర్లు చెప్పబోతే "కాసేపాగమ్మా" అని గోడవైపు తిరిగి పడుకునేది. శిక్షణ చివర్లో బయటినుంచి వచ్చే పరీక్షాధికారిణి ముందు నెగ్గితే సేఫ్టీ అసిస్టెంటు ఉద్యోగం, లేదంటే మళ్ళీ జిగురు. అందుకే కళ్ళలో ఒత్తులు వేసుకుని రూల్సన్నీ కంఠతా పట్టింది.

మొదటిరోజే ఆయన మెట్ల దగ్గర కుప్పకూలారు. ఆమె కెవ్వుమని నీళ్ళకోసం పరుగెత్తబోయింది.

"నీళ్ళెందుకమ్మా, పోయాను కదా," అన్నారు ఆయన కళ్ళు మూసుకునే. "ఎలా పోయానో చూడు."

చూసింది. కింది మెట్టుమీద ఎవరో ప్యాకింగు తాడు వదిలేశారు.

"తాడు కాలికి తట్టుకుని పోయారు సార్."

"శభాష్. తొందరగా తీసెయ్ తల్లీ, నడుం పట్టేసేలా ఉంది."

ఈ ముచ్చట విని ఇంట్లో అత్తగారు ముక్కున వేలేసుకుంది. "పడటం నేర్పడానికి కూడా జీతాలిస్తారా? మీ మామయ్య మంచం దిగినప్పుడల్లా పడేవారు. ఒక్కడు పిలిచి ఉద్యోగం ఇచ్చాడా?"

"నేను పడను అత్తయ్యా. రూల్సు ఉన్నాయిగా, అవి చెప్తాను."

చెప్పింది కూడా. కటింగు మేస్త్రీ అని ఒక పెద్దమీసాల మనిషి ఉండేవాడు. చేతులు తగలకుండా బ్లేడుమీద ఉండే మూతను, అదే గార్డును, ఇరుక్కున్న అట్ట తీయడానికి విప్పి, మళ్ళీ బిగించడం మరిచిపోయి మిషను నడుపుతున్నాడు. ఆమె చూసి వెంటనే మిషను ఆపించింది. అక్కడితో ఊరుకుంటే బాగానే ఉండేది.

"ఎవరు తీశారిది? ఇన్నేళ్ళ అనుభవం ఉండి చేసే పనేనా ఇది?" అని సెక్షనంతా వినేలా కడిగేసింది.

మేస్త్రీ మొహం మాడిపోయింది. గార్డు బిగించాడు. ఆ తర్వాత ఆమె ఎదురైతే మిషనువైపు తిరిగిపోయేవాడు. మిగతావాళ్ళు కూడా ఆమె వస్తోందంటే మోచేతులతో పొడుచుకుని, అడ్డమైనవన్నీ గబగబా బల్లల కిందికి తోసేసేవారు. ఆమెకు మాత్రం అంతా దారిలో పడినట్టే కనిపించింది.

"సార్, ఈ వారం ఎక్కడా ఒక్క తప్పూ లేదు," అని గర్వంగా చెప్పింది.

ఆయన మొహంలో రంగు మారింది. "అయ్యో. అయితే భయపడాల్సిందే."

ఇంతలో జిగురు సెక్షన్ నుంచి ఒకావిడ తలుపు సందులోంచి తొంగిచూసింది. "సార్, ఖాళీ ఉంటే మా దగ్గర ఒకసారి పడి వెళ్తారా? ఫ్యాను వైరు ఊడింది. మొన్నటి చావు ఏం బాగాలేదు, ఈసారి కాస్త మనసుపెట్టి పడండి."

"వైరు ఎవరు ఊడదీశారు?" అంది అప్రెంటిస్.

ఆవిడ నవ్వు టక్కున ఆగిపోయింది.

"ఎవరైతేనేం, పోయేది నేను కదా," అంటూ ఆయన చొక్కా సర్దుకుని బయల్దేరారు. దారిలో మెల్లగా అన్నారు, "తిడితే దాచుకుంటారమ్మా. దాచిన తప్పు ఏదో ఒకరోజు ఎవరి వేలో పట్టుకుపోతుంది. నేను పడితే నవ్వుతారు. నవ్వేవాళ్ళు వాళ్ళే వచ్చి పిలుస్తారు."

అప్పుడు తట్టింది ఆమెకు. ఆయన ఇన్నిసార్లు చచ్చారు గానీ చంపిందెవరని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో తల వంగిపోయింది. మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు అందరిముందూ అలా అనకుండా ఉండాల్సింది బాబాయ్," అంది. అతను "పనుందమ్మా," అని బ్లేడు తుడుచుకున్నాడు.

పరీక్షరోజు వచ్చింది. ఆఫీసరుగారు వెంట ఉండకూడదని క్యాంటీన్లో కూర్చోబెట్టారు. పరీక్షాధికారిణి ఒక్కో ప్రశ్న అడుగుతుంటే, ఆమె జవాబులు చెబుతూ సెక్షన్లన్నీ తిప్పి చూపించింది. ఇంకా కటింగు సెక్షన్ ఒక్కటే మిగిలింది. ఇద్దరూ అక్కడ అడుగుపెట్టారో లేదో, మేస్త్రీ టీ గ్లాసు పక్కన పెట్టి, మీసం సవరించుకుని, గోడవైపు నడిచాడు. నేలమీద తువ్వాలు పరుచుకుని, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది ఆనించి, జాగ్రత్తగా పడి చచ్చిపోయాడు. అలవాటులేని పని మరి.

"అయ్యో, ఈయనకేమైంది?" అంది పరీక్షాధికారిణి.

అప్రెంటిస్ మేస్త్రీ చెయ్యి చాపినవైపు చూసింది. అక్కడ స్టాండుమీద కొత్త బోర్డు ఉంది. 'అత్యవసర ద్వారం. అడ్డంగా ఏమీ పెట్టరాదు.' పరీక్షకోసం ముందురోజు తానే రాయించి, అందరికీ బాగా కనబడాలని తీసుకెళ్ళి సరిగ్గా ఆ తలుపుకే అడ్డంగా పెట్టింది.

అయినా చెప్పింది. "ఆయన పోయారు మేడమ్. మంటలొస్తే ఈ తలుపుదాకా వచ్చారు. ఈ బోర్డు అడ్డం వచ్చి బయటికి వెళ్ళలేకపోయారు."

"బోర్డు ఎవరు పెట్టారు?"

"ఎవరైతేనేం, పోయింది నేను కదా," అన్నాడు మేస్త్రీ కళ్ళు తెరవకుండానే.

"నేనే మేడమ్," అంది ఆమె. బోర్డు పక్కకు జరిపి, గోడకు ఆనించి, తలుపు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో తోసి చూసింది. మేస్త్రీ లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

పరీక్షాధికారిణి అతనివంకా ఆమెవంకా మార్చి మార్చి చూసింది. "నేను ఎక్కడికెళ్ళినా తప్పులు దాచేవాళ్ళే కనబడతారు. తప్పు చూపించడానికి ఒక మనిషి పడుకోవడం ఇప్పుడే చూశాను," అని నవ్వుతూ పాస్ చేసేసింది.

ఆమె ఎంత హాయిగా ఊపిరి పీల్చుకుందో చెప్పలేం. ఇక జిగురు లేదు. సాయంత్రం కూతురి కబుర్లు మొదటినుంచి చివరిదాకా వినొచ్చు. మేస్త్రీ నేలచూపులు చూస్తూ, "ఆ రోజు నువ్వు ఆపకపోతే నా వేళ్ళుండేవి కాదమ్మా. చెప్పడానికి మొహం చెల్లలేదు," అన్నాడు.

శుభవార్త మోసుకుని ఆఫీసుగదికి పరుగెత్తింది. ఆ వార్త అప్పటికే ఆఫీసరుగారి చెవిన పడింది. ఎక్కడినుంచి తెచ్చారో ఒక పూలదండ తెచ్చి, ఆమె కుర్చీ వెనక మేకుకు తగిలించాలని చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఎక్కి మునివేళ్ళమీద నిలబడ్డారు. కుర్చీ అటూ ఇటూ ఊగుతోంది.

ఆమె చేతిలోని రూల్సు పుస్తకాలు బల్లమీద పెట్టి, కొంగు సర్దుకుని, కుర్చీ పక్కన వెల్లకిలా పడి కళ్ళు తేలేసింది.

"ఎవరు పోయారమ్మా?" అన్నారు ఆయన పైనుంచి కంగారుగా.

"మీరే సార్. చక్రాల కుర్చీ ఎక్కారు."

ఆయన కాళ్ళకిందికి చూసుకున్నారు. బల్ల పట్టుకుని బుద్ధిగా దిగి, వెళ్ళి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించారు. అప్పటిదాకా ఆమె లేవలేదు.

"మొదటిసారికి బాగానే పోయావు," అన్నారు ఆయన దండ అందుకుంటూ. "ఎడమకాలు కాస్త కొట్టుకోవాల్సింది."

"అది కరెంటు చావుకి సార్," అంది ఆమె.