ఎండ గంట కొట్టిన మా సారు

మా సోమనర్సయ్య సారు ఇక లేరన్న మాట రాయడానికి నా చేయి ఒప్పుకోవడం లేదు. వినాయక చవితి వెళ్లాక పట్టిన ముసురులో, ఒకనాటి పొద్దున, మెట్ల కింద సోలార్ బ్యాటరీకి ఎదురుగా వేసుకున్న కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారు. టీ గ్లాసు తీసుకుపోదామని వచ్చి పిలిచాను. పలకలేదు. గ్లాసులో మిగిలిన టీ ఇంకా వెచ్చగానే ఉంది. అంతకు కాసేపటి ముందే నాతో మాట్లాడారు. మహాపండితులు అంతిమ ఘడియల్లో ఏం పలుకుతారో నాకు తెలియదు గానీ, మా సారు ఆఖరి మాట మాత్రం ఇది: "మొగులు పట్టింది. ఇయ్యాల ఇస్త్రీ పెట్టె ముట్టకు బిడ్డా."

ఆయనను ఎరగనివారికి ఇది వింతగా ఉండవచ్చు. సోమనర్సయ్య సారు తెలుగు పండితుడు. కొత్తగూడ, గంగారం బడుల్లో ఉద్యోగ జీవితమంతా గడిపి, పాలకుర్తి పక్కన ఉన్న సొంతూరికి వచ్చి స్థిరపడ్డారు. కొత్తగూడలో నేను ఆయన శిష్యురాలిని. సంధులు, సమాసాలు ఆయన దగ్గర నేర్చుకున్నాను. తరువాత వాళ్ల కొడుకుతో పెళ్లయి ఆ ఇంటికే కోడలినయ్యాను. మామను "సారూ" అని పిలిచే కోడలు మండలం మొత్తంలో నేనొక్కదాన్నే అని ఊరంతా నవ్వేది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను కాబట్టి నాకూ ఆయనకూ రోజూ ఒక యుద్ధం ఉండేది. ఆ యుద్ధం పేరు ఇస్త్రీ పెట్టె!

అసలు ఒక తెలుగు పండితుడికి సౌరవిద్యుత్తు పిచ్చి ఎందుకు పట్టింది? మా అత్తమ్మ కొమురమ్మ ఊపిరి కోసం. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ మింగి ఆమె ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. రాత్రి పడుకునేటప్పుడు ఆక్సిజన్ మిషన్ తప్పదని హన్మకొండ దవాఖానలో చెప్పారు. ఆ మిషన్ కరెంటుతో నడుస్తుంది. మా ఊళ్లో కరెంటు గాలికి పోతుంది, వానకు పోతుంది, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా పోతుంది. ఒకసారి అలా పోయినప్పుడు అత్తమ్మను ఆటోలో వేసుకొని జనగామ దాకా ఉరికాము. దారి పొడవునా సారు ఆమె చేయి వదలలేదు. ఇంటికి తిరిగి వచ్చిన మరునాడే స్లాబు మీదికెక్కి, ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో చూడడం మొదలుపెట్టారు.

ఆ వయసులో ఆయన నేర్చుకున్న తీరు చూస్తే ఒళ్లు పులకరించేది! మొదట్లో పొరపాటూ చేశారు. తీగ పొట్టిగా ఉంటే కరెంటు వృథా కాదని ఎవరో చెబితే, సోలార్ పలకల పక్కనే, స్లాబు మీది రేకుల అర్రలో బ్యాటరీ పెట్టించారు. వేసవిలో ఆ అర్రలో చేయి పెడితే కాలేది. రెండో ఎండాకాలం గడిచేసరికి బ్యాటరీ సత్తువ ఉడిగిపోయింది. వేడి దానికి గిట్టదని అప్పుడు తెలుసుకున్నారు. ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు మెట్ల కింద ఉంది. కానీ అక్కడ అత్తమ్మ పచ్చడి జాడీలున్నాయి. ఆ చోటు కోసం ఇద్దరి మధ్య నడిచిన రాయబారం నేను కళ్లారా చూశాను.

"కొత్త బ్యాటరీ ఈడ పెడ్తమే," అన్నారు సారు.

"నా జాడీలు ఏ గంగల పెట్టాలె?" అంది అత్తమ్మ.

"మామిడికాయ పచ్చడికి చల్లదనం గావాలె గని, నీ ఊపిరికి గావద్దా?"

అత్తమ్మ సగం చోటు ఇచ్చింది. అప్పటి నుంచి ఒక పక్క పచ్చళ్లు, ఒక పక్క బ్యాటరీ, మధ్యలో గాలి ఆడడానికి జానెడు సందు, ఎదురుగా సారు కుర్చీ. వచ్చిన చుట్టాలకు ముందు ఆ మెట్ల కిందే దర్శనం చేయించేవారు.

ఆయన బోధనా కౌశలం బడితో ఆగిపోలేదు. బ్యాటరీని ఆయన ధాన్యం దాచే గుమ్మితో పోల్చేవారు. "చేన్ల నుంచి తెచ్చి అటే వండుకుంటే గింజ పోదు. గుమ్మిల పోసి తీస్తే పురుగు కొంత తింటది, ఎలుక కొంత తింటది. బ్యాటరీ గూడ గంతే. పెట్టి తీసే కాడ కొంత పోతది. ఎండ ఉన్నప్పుడు ఎండతోనే పని కానియ్యాలె. గుమ్మిల చెయ్యి రాతిరికే పెట్టాలె." రెండో సూత్రం ఇంకా చిన్నది: "అడుగు చూడొద్దు." బియ్యం కుండను ఊడ్చి ఖాళీ చేయనట్టే, బ్యాటరీనీ పూర్తిగా ఖాళీ చేయకూడదు. అలా చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకే బ్యాటరీ నుంచి ప్రత్యేకంగా ఒక లైను లాగించి, దాని మీద మూడే పెట్టించారు: అత్తమ్మ మిషన్, ఆమె మంచం మీది ఫ్యాను, ఒక బల్బు. టీవీకి ఆ లైనులో ప్రవేశం లేదు. క్రికెట్ చూసే మా ఆయన గొణిగినా ఫలితం లేకపోయింది.

ఇక నా ఇస్త్రీ పెట్టె సంగతి. వేడి పుట్టించే వస్తువు ఏదైనా బ్యాటరీని పీల్చేస్తుందని సారు గట్టిగా నమ్మేవారు. అది నిజమే కూడా. ఎండ బాగా ఉన్న వేళలోనే ఇస్త్రీ చేసుకోవాలి, సాయంత్రమైతే ముట్టకూడదు. ఒకసారి ఒక పెళ్లికూతురి జాకెట్లు సాయంత్రానికల్లా ఇవ్వాల్సి వచ్చింది. ఆనాడూ ఊళ్లో కరెంటు లేదు. వాకిట్లో పెళ్లివారి ఆటో నిలబడి ఉంది. నేను ప్లగ్గు పట్టుకొని మెట్ల వైపు నడిచాను. సారు కుర్చీలోంచి లేచారు. అటక మీది నుంచి పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె దింపి, పొగ అత్తమ్మకు తగలకుండా దూరంగా అరుగు మీద కూర్చొని, బొగ్గులు రాజేసి, ఆ జాకెట్లన్నీ తానే ఇస్త్రీ చేశారు! చేతుల మడత దగ్గర మాత్రం నన్ను పిలిచి, "గిది నాతోని గాదు బిడ్డా," అన్నారు.

దసరా నాటి ముచ్చట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. భూపాలపల్లిలో ఉండే మా ఆడబిడ్డ సుజాత వదిన బతుకమ్మ పండుగకు వచ్చి ఉంది. దసరా నాడు బండికి, కుట్టు మిషనుకు, కొడవళ్లకు పూజ చేస్తాం కదా. "మరి నా ఊపిరికి పూజ చెయ్యరా?" అంది అత్తమ్మ. వదిన స్లాబు ఎక్కి, సోలార్ పలకలు కడిగి, ఒక్కో పలకకు అరచేయంత పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, అడ్డంగా లావైన బంతిపూల దండలు వేసి వచ్చింది. ఎండ ఫెళఫెళలాడుతోంది. మెట్ల కింద బ్యాటరీ మాత్రం నిండడం లేదు. సారుకు పరేషాన్! తీగలు చూశారు, బిగింపులు చూశారు, సోలార్ షాపతనికి ఫోను చేశారు. చివరికి పైకెక్కి చూసి అక్కడే నిలబడి పకపకా నవ్వారు.

ఆ తరువాత జరిగింది పండుగలో పండుగ. "సుజాతా, నువ్వు కిందికి పోయి మీటరు మీది అంకె చూసి చెప్పు," అన్నారు. ఒక దండ తీశారు. "పెరిగింది బాపూ!" అని కింద నుంచి కేక. పలక మీద అరచేయి నీడ పడేట్టు పెట్టారు. "తగ్గింది!" చేయి తీశారు. "పెరిగింది!" ఇరుగుపొరుగు కూడా స్లాబు ఎక్కారు. తలా ఒక చేయి అడ్డం పెట్టి చూడడమే! చేయి చేయి పట్టుకొని వరుసగా నడిచే పిల్లల్లో ఒకరు ఆగితే వెనకవాళ్లంతా ఆగినట్టు, చిన్న నీడ పడ్డా పలక మొత్తం కుంటుపడుతుందని సారు అక్కడికక్కడే పాఠం చెప్పారు. పూజ మానమనలేదు. బొట్టు అద్దం మీద కాకుండా అంచు చట్రానికి పెట్టమన్నారు, దండ ఇనుప కాళ్లకు కట్టమన్నారు. ఇప్పటికీ మా ఊళ్లో ఎవరింట్లో సోలార్ పెట్టినా బొట్టు చట్రానికే పెడతారు.

అందరూ ఆయనను తలచుకునేది ఎండ గంటతో. గంగారం బడికి కరెంటు గంట వచ్చాక, అంతకుముందు గంటగా వాడిన రైలు పట్టా ముక్కను తన ఉద్యోగ వీడ్కోలు రోజున అడిగి తెచ్చుకున్నారు. దాన్ని స్లాబు మీద వేలాడదీశారు. బ్యాటరీ నిండగానే, ఇంకా ఎండ మిగిలి ఉంటే, ఠంగు ఠంగుమని కొట్టేవారు. నిండిన తరువాత పలకల మీద పడే ఎండ ఎవరికీ కాకుండా పోతుందని ఆయన బాధ. ఆ చప్పుడు వినగానే వాడ కదిలేది! పత్తి చేన్లకు మందు కొట్టే పంపుల బ్యాటరీలు మోసుకొని రైతులు, మా మిక్సీలో కారప్పొడి పట్టుకునే అమ్మలక్కలు, ఫోన్లు పట్టుకొని పడుచుపిల్లలు. నేను నా జాకెట్ల గుట్టతో ఇస్త్రీ బల్ల దగ్గర సిద్ధంగా ఉండేదాన్ని. వాన రోజుల్లో గంట మోగకపోతే ఎవరూ అడిగేవారు కాదు.

ఆయన పోయిన రోజుకు వస్తాను. తెల్లవారుజామున వీచిన గాలికి స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. రెండు రోజుల ముసురుతో బ్యాటరీ సగానికే ఉంది. కబురు విని వదిన భూపాలపల్లి నుంచి బయలుదేరితే, దారిలో వాగు పొంగింది. తెల్లారేదాకా ఎవరినీ దాటనివ్వరని ఫోను వచ్చింది. బిడ్డ వచ్చేదాకా శవాన్ని ఉంచాలని, సారు తమ్ముడైన మా చిన్నమామ పాలకుర్తి నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. దాని తీగ పట్టుకొని మెట్ల కిందికి వచ్చారు. ఫ్రీజరూ, అత్తమ్మ మిషనూ రెండూ నడిస్తే బ్యాటరీ తెల్లారేదాకా ఆగదు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అంత బాగా నేర్పి పోయారు ఆయన.

"పెట్టెకే పెట్టుండ్రి," అంది అత్తమ్మ. ఏడ్చి ఏడ్చి అప్పటికే ఆమె పెదవులు నల్లబడ్డాయి. "ఒక్క రాత్రి మిషన్ లేకపోతే నాకేం గాదు. పిల్ల తండ్రి మొఖం చూడాలె."

నేను బ్యాటరీకి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు. పెద్ద మనిషిని గిట్ల అవమానం చేస్తవా?" అన్నారు చిన్నమామ.

"నా ఇస్త్రీ పెట్టెకే ఇయ్యని మనిషి, చిన్నమామా! తన పెట్టెకు ఇస్తడా? గిది అత్తమ్మ ఊపిరి. నేను జరగ."

గొంతులు లేచాయి. మా ఆయన వదినకు వీడియో కాల్ చేసి, ఫోను సారు ముఖం దగ్గర పట్టుకున్నారు. వాగు హోరులో వదిన ఏడుపు వినబడింది. ఏడుస్తూనే అంది: "అమ్మకు పెట్టుండ్రి. బాపును చూసిన. నా కోసం ఆపకుండ్రి, పొద్దు ఉండంగనే సాగనంపుండ్రి. నేను ఈ ఒడ్డు మీదికెంచే మొక్కుకుంట." చిన్నమామ తీగ కింద పెట్టేసి గోడకు ఆనుకొని పసిపిల్లాడిలా ఏడ్చారు.

మధ్యాహ్నం దాటాక వాన తెరపి ఇచ్చింది. గంటకు వచ్చే రైతులే కొట్టాల్లో దాచుకున్న ఎండు పత్తికట్టె మోపులు చితికి ఎత్తుకొచ్చారు. చీకటి పడకముందే సారును సాగనంపాము. ఆ రాత్రంతా అత్తమ్మ మిషన్ నడిచింది. తెల్లవారి నేను మొట్టమొదట పోయి చూసింది మెట్ల కిందే. బ్యాటరీ అడుగు చూడలేదు! అంత దుఃఖంలోనూ నా గుండె ఎగిరి గంతేసింది. "సారూ, మిగిలింది!" అని ఖాళీ కుర్చీకి వినబడేలా గట్టిగా చెప్పాను.

ఆ పొద్దున ముసురు విడిచి, కడిగిన ఆకాశంలో ఎండ కాసింది. వదిన వచ్చి తల్లిని పట్టుకొని ఏడ్చి ఏడ్చి, తరువాత తానే తడిబట్ట తీసుకొని పైకెక్కి, గాలికి పలకల మీద పడ్డ ఆకులు తీసి తుడిచింది. మధ్యాహ్నానికి బ్యాటరీ నిండింది. ఊళ్లో కరెంటు ఇంకా రాలేదు. ముసురుకు పత్తికి పురుగు పట్టింది. మందు పంపులు భుజాన వేసుకొని వాడ మలుపులో రైతులు నిలబడ్డారు, లోపలికి రావడానికి మొహమాటపడుతూ.

"సావైన ఇంట్ల గంట గొడ్తరా ఎవలన్న?" అన్నారు చిన్నమామ, మెల్లగానే.

మిషన్ గొట్టం ముక్కుకు ఉండగానే అత్తమ్మ చేయి ఊపింది. "కొట్టుండ్రి బిడ్డా. ఎండ పోతున్నది."

వదినా నేనూ కలిసి కొట్టాము. ఠంగు ఠంగుమని ఆ చప్పుడు ఊరంతా పాకింది. రైతులు ఒక్కొక్కరే వచ్చి, మెట్ల కింద ఉన్న ఖాళీ కుర్చీకి దండం పెట్టి పంపులు తగిలించుకున్నారు. వ్యాకరణం చెప్పిన గురువులు నాకు ఇంకా ఉన్నారు. ఆకాశం నుంచి ఊరికే పడే ఎండను కూడా పారబోయకూడదని నేర్పిన గురువు మాత్రం ఒక్కరే, ఆ లోటు తీర్చగలవారు నాకు కనబడరు. సారూ, మీ పాదాలకు మీ శిష్యురాలి శతకోటి వందనాలు.

మూడొద్దులు వెళ్లాక, ఎండ నిండుగా ఉన్న వేళ, అత్తమ్మ మంచం మీది నుంచి పిలిచి చెప్పింది: "ఎండ మస్తుగున్నది. ఇస్త్రీ పెట్టె పెట్టుకో బిడ్డా." బల్ల దగ్గరికి వెళ్లి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. ఇక ఏ పొద్దు పెట్టుకున్నా ముట్టవద్దనే మనిషి ఆ ఇంట్లో లేరు. ప్లగ్గు పట్టుకొని అలాగే నిలబడి, మెట్ల వైపు చూస్తూ ఏడ్చాను.