మూడోసారి గెలిచిన సూర్నాయుడు మావ

మా వీధి చివర లారీల షెడ్డులో మెకానిక్కు నేల మీద ఒలికిన ఆయిలు మీద ఇసుక చల్లుతున్నాడు. కూరల సంచీతో అటు వెళుతున్న నాకు ఆ వాసన తగిలి కాళ్లు ఆగిపోయాయి. సూర్నాయుడు మావ గుర్తొచ్చాడు. తలుచుకుంటే మనసు తేలికపడే మనిషి కాదాయన. ఆయన గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సయించదు.

విజయనగరం అవతల ఒక మాంగనీసు కంపెనీ ఉండేది. ఆఫీసర్లు ఆడుకోవడానికి దానికో గోల్ఫు మైదానం. అది గడ్డి బతకని ఎర్రనేల. అందుకని ప్రతి గుంట చుట్టూ ఇసుకలో వాడేసిన ఇంజను ఆయిలు కలిపి చదును చేసేవాళ్లం. బంతి దాని మీద దొర్లుకుంటూ వచ్చి గుంటలో పడాలి. ఆ మైదానం చూసేవాళ్లకీ, ఆఫీసర్ల కర్రల సంచీలు మోసేవాళ్లకీ సూర్నాయుడు మావే పెద్ద. చుట్టరికమేమీ లేదు, అందరికీ మావే. పి.యు.సి. తప్పి, ఇంట్లో తిట్లు పడలేక నేను ఆ మోతపనిలో చేరాను. మొదటిరోజు నా భుజానికి సంచీ తగిలించి, "కర్రలు సప్పుడు సెయ్యకూడదురా. ఆడీవోడికి నువ్వు పక్కనున్నట్టే తెలీకూడదు" అన్నాడు. మోసే హక్కే గానీ బంతిని కొట్టే హక్కు మాకు లేదు. ఆఫీసర్లు వెళ్లిపోయాక మావ ఉత్త చేతులతోనే కర్ర ఊపినట్టు ఊపి, లేని బంతి ఎంతదూరం పోయిందో కళ్లు చికిలించి చూసేవాడు. నవ్వొచ్చేది నాకు. తరవాత్తరవాత నవ్వు రావడం మానేసింది.

అప్పట్లో కంపెనీకి ఒక ముసలి దొర మేనేజరు. స్కాట్లండు మనిషి, వచ్చీరాని తెలుగు మాట్లాడేవాడు. ఒకరోజు క్లబ్బు వరండాలో కూర్చుని, మెట్ల మీదున్న మాకు తన తాతల కాలం నాటి కథ చెప్పాడు. గోల్ఫునే బతుకుతెరువు చేసుకున్నవాళ్ల కోసం వాళ్ల దేశంలో మొట్టమొదట పెట్టిన పోటీలో గొప్పింటివాళ్లెవరూ ఆడలేదట. కర్రలు చెక్కేవాళ్లు, బంతులు చేసేవాళ్లు, సంచీలు మోసేవాళ్లు ఆడారట. గెలిచినవాడికి ఎర్రతోలు బెల్టు. అది ఏడాదిపాటు అతని దగ్గరుంటుంది. వరసగా మూడేళ్లు గెలిస్తే మాత్రం ఎప్పటికీ అతనిదే.

మావ లేచి నిలబడ్డాడు. "మాకూ ఒకటెట్టండి దొరగారూ. ఏడాదికి ఒక్కరోజు. మేవూ ఆడతాం."

దొర సరేనని విజయనగరంలో ఎర్రతోలు బెల్టు కుట్టించాడు. మూడేళ్ల రూలు మనకెందుకులే అని కూడా అన్నాడు. మావ ఒప్పుకోలేదు. "ఆళ్లకున్నట్టే మాకూ ఉండాల. మేవేటి తక్కువ?" అని పట్టుబట్టి ఆ రూలు పెట్టించాడు.

పోటీ రోజున మా ఆడవాళ్లూ పిల్లలూ మైదానం అంచున కూర్చునేవాళ్లు. ఉతికిన చొక్కాలు వేసుకుని, ఏడాదంతా మోసిన కర్రలతోనే మేం ఆడేవాళ్లం. నేను అందరికన్నా వెనకబడినా, నా బంతి గాల్లోకి లేచిన క్షణం మాత్రం నేనెవరికీ తీసిపోననిపించేది. మొదటి ఏడూ రెండో ఏడూ మావే గెలిచాడు. పంచె మీద బెల్టు బిగించుకుని ఇంటికెళితే, "ఏటి ఆ ఏసం! ఎద్దుకి పట్టెడ కట్టినట్టున్నాది" అని అత్త నవ్వింది.

మూడో పోటీనాటికి దొర తన దేశం వెళ్లిపోయాడు. మన తెలుగాయనే కొత్త మేనేజరుగా వచ్చి, దొర ఇచ్చిన మాట కదా అని ఆడనిచ్చాడు. ఆఖరి గుంట దగ్గర మావ కొట్టిన బంతి ఆయిలు ఇసుక మీద దొర్లి, గుంట అంచు పట్టుకుని చుట్టూ తిరిగింది. పడు, పడు అని నేను గొణుక్కున్నాను. పడింది. మావని భుజాలకెత్తుకున్నాం. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మరుసటేడు పోటీ గురించి అడగడానికి వెళ్లాం. "బెల్టు నాయుడిదైపోయిందిగా. ఇంక దేనికోసం ఆడతారు?" అన్నాడు మేనేజరు.

మావ నడుము నుంచి బెల్టు విప్పి రెండు చేతులతో చాచాడు. "ఇది తీసీసుకోండి బాబూ. నాకొద్దు. ఆట మల్లీ ఎట్టండి."

"నీ రూలే కదా నాయుడూ. నీదాన్ని నేనెలా తీసుకుంటాను?" ఆయన గొంతులో కోపం కూడా లేదు. కోపమన్నా ఉంటే మేం బతిమాలుకునేవాళ్లమేమో.

బెల్టు లేకుండానే ఆడతామన్నాం. వినలేదు. ఆ తరవాత మైదానమే మూసేసి అందులో మాంగనీసు రాళ్లు పోశారు. "బెల్టు మీద ఆశతో అందరి ఆటా తినీసినాడు" అని మాలోనే ఒకడన్నాడు. ఆ మాట మావ చెవిన పడింది. అత్తని తీసుకుని శ్రీముఖలింగం దగ్గర అత్త పుట్టింటి ఊరికి వెళ్లిపోయాడు.

చాలా ఏళ్లకి, ఆయన మంచాన పడ్డాడని తెలిసి వెళ్లాను. అప్పటికి ఎక్కడో చదివిన సంగతొకటి ఓదార్పవుతుందని చెప్పాను. స్కాట్లండులోనూ ఒకాయన మూడుసార్లు గెలిచి బెల్టు పట్టుకుపోతే మరుసటేడు పోటీ ఆగిపోయిందట. ఆపై కొందరు కలిసి బెల్టుకి బదులు కొత్త కప్పు చేయించి మళ్లీ ఆడించారట.

మావ మంచం మీదే నా వైపు తిరిగాడు. "అయితే ఆళ్లకి ఎవులో ఒకలు మల్లీ ఎట్టినారన్నమాట" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, ఆ బంతి తప్పిపోయుంటే బాగుణ్ణురా. మల్లేడు అందరం ఆడుదుం."

ఆయన పోయాక అత్త ఆ బెల్టు నా చేతిలో పెట్టింది. తోలు బిగుసుకుపోయింది, ఏ నడుముకీ వంగదు. పారెయ్యలేను, ఎవరికీ ఇవ్వలేను. ఇన్నేళ్లలో ఏ పని చేసినా పక్కవాడికి చప్పుడు వినపడకుండా చెయ్యడం ఆయన నేర్పిందే. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ బంతి గుంట అంచున తిరుగుతూ ఉంటుంది. పడకు, పడకు అని బతిమాలతాను. పడుతుంది.