సంగటి ముద్దలో మాత్ర

తిరుపతి ల్యాబులో నా పని, మందు నింపిన పాలిమర్ నానో రేణువులను జీవకణం ఎలా మింగుతుందో చూడటం. కణం నమలదు. తన పొరతో చుట్టేసి లోపలికి లాక్కుంటుంది. అక్కడి ఆమ్లంలో పాలిమర్ కరిగి మందు బయటపడుతుంది. ఇదంతా ఇంట్లో అవ్వకు వందసార్లు చెప్పుంటాను.

మా వడమాలపేటలో రాగిసంగటి తినేదీ అంతే, మింగడమే. నమిలితే పైఊరి మనిషని తెలిసిపోతుంది. బీపీ మాత్రంటే మొహం తిప్పుకునే అవ్వకు నా విద్య పనికొస్తుందని నాకనిపించింది. ముద్దలో మాత్ర దాచి, పులుసు పోసిచ్చి, ఏమీ ఎరగనట్టు పక్కనే కూర్చున్నాను.

అవ్వ సంగటి తుంచింది. వేళ్లతో ఉండ చేస్తూ ఆగింది. మాత్ర తీసి నా అరచేతిలో పెట్టింది.

"నీ కణాలకి వేళ్లు లేవు కాబట్టి ఆడ నీ ఆటలు సాగతా ఉండాయి నాయనా!"